పక్షిశాలలో సాలెగూడు ఏం చెబుతుంది?

పెరట్లోనో మేడ మీదనో జాలీ కట్టి పక్షులను పెంచేవారికి మొదటి వానాకాలం గడిచేసరికి ఒక విసుగు మొదలవుతుంది. ఆదివారం బూజుకర్రతో శుభ్రంగా దులిపిన మూలల్లో బుధవారానికల్లా మళ్ళీ సాలెగూళ్ళు కనిపిస్తాయి. రెండుమూడు వారాలు ఓపిక పట్టినవారు కూడా చివరికి దుకాణానికి వెళ్ళి ఏదో ఒక పురుగుల స్ప్రే తెచ్చుకుంటారు. పక్షులకు అసలు ముప్పు మొదలయ్యేది అక్కడే. సాలీడు పక్షి కోసం రాదు, పురుగు కోసం వస్తుంది. అది ఏ మూలలో, ఎంత ఎత్తులో, ఏ కాలంలో గూడు అల్లుతున్నదో గమనిస్తే ఆ పురుగు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసిపోతుంది కాబట్టి, బూజుకర్ర అందుకునే ముందు కాసేపు నిలబడి చూడటం వృథా కాదు.

తెలుగు ఊళ్ళలో ఆరుబయట పెంచే పక్షుల్లో ఎక్కువ భాగం బడ్జరిగార్లు. వీటి స్వస్థలం ఆస్ట్రేలియా. మన దగ్గర మాత్రం అందరూ వీటినే లవ్ బర్డ్స్ అంటారు, నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా చిలుకలు. బడ్జరిగార్లతోపాటు కాకటీల్ చిలుకలు, జీబ్రా ఫించ్‌లు, జావా పిచ్చుకలు హైదరాబాద్ పాతబస్తీలోని ముర్గీ చౌక్ మొదలుకొని ప్రతి పట్టణంలోని పక్షుల అంగళ్ళ దాకా దొరుకుతాయి. (రామచిలుకను, మన మునియాలను పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక వాటి ప్రస్తావన ఇక్కడ అనవసరం.) ఈ పక్షుల బరువు గుర్తుంచుకోవడం మంచిది. బడ్జరిగార్ 30 నుంచి 40 గ్రాములు, జీబ్రా ఫించ్ దాదాపు 12 గ్రాములు ఉంటుంది. మనిషికి తుమ్ము కూడా తెప్పించని మోతాదు పన్నెండు గ్రాముల ప్రాణికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంతకూ పక్షిశాలకు చేరే సాలీళ్ళు ఎవరు? రేకుల కింద, మూలల్లో సన్నని పొడవాటి కాళ్ళతో తలకిందులుగా వేలాడుతూ, తాకగానే గడగడ ఊగిపోయే సాలీడు ఒకటి. అరచేయంత వెడల్పున గోడకు అతుక్కుని ఉండి, గూడు కట్టకుండా రాత్రిపూట బొద్దింకలను వేటాడే పెద్ద సాలీడు మరొకటి. జాలీకీ పక్కనున్న మొక్కకూ మధ్య గుండ్రని గూడు అల్లి, నడుమ తెల్లని గజిబిజి గీతలు గీసుకుని కూర్చునేది ఇంకొకటి. వీటికి తోడు వందలాదిగా కలిసి బతికే సాలీళ్ళు కూడా మన ప్రాంతంలో ఉన్నాయి. స్టెగోడైఫస్ అనే జాతికి చెందిన ఇవి ముళ్ళకంపల మీద, కంచె తీగల మీద మాసిన గుడ్డపేలికల్లా కనిపించే గూళ్ళు కడతాయి. సాలీళ్ళ సంఘజీవనం మీద పరిశోధించే విదేశీ శాస్త్రవేత్తలు చిత్తూరు జిల్లా కుప్పం పరిసరాలకు వచ్చి వీటినే అధ్యయనం చేశారు. పొలాల పక్కన ఉన్న ఇంట్లో పక్షిశాల జాలీకి ఇలాంటి గూడు పడితే చూడటానికి అసహ్యంగా ఉంటుంది, దుమ్ము పడుతుంది. అంతకు మించి పక్షికి చేసే హాని లేదు.

సాలీడు పక్షిని తిన్న సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, ఆథర్టన్ దగ్గర ఒక ఇంటి పెరట్లో బంగారు రంగు దారాలు అల్లే నెఫిలా సాలీడు తన గూటిలో చిక్కిన చిన్న మునియా జాతి పక్షిని తింటున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. నెఫిలా మన దేశపు అడవుల్లోనూ ఉంది. కానీ అది చెట్ల నడుమ ఖాళీలో మీటరు వెడల్పు గూడు కట్టే సాలీడు. రోజూ మనిషి వచ్చిపోయే పక్షిశాలలో అంత గూడు కట్టేదాకా ఎవరూ చూడకపోవడం జరగదు. ఫించ్‌లు ఎగిరే దారికి అడ్డంగా గుండ్రని పెద్ద గూడు కనిపిస్తే తీసేయాలి, ఈ ఉదంతం నుంచి నేర్చుకోవలసింది అంతే. ఆస్ట్రేలియాలో పక్షులు పెంచేవారు జాగ్రత్తపడేది మరో సాలీడు విషయంలో. వీపున ఎర్రచార ఉండే విషపు సాలీడు మేత గిన్నెల కింద, చెక్కల సందుల్లో దాక్కుంటుంది. అక్కడ ప్రమాదం పక్షి కన్నా గిన్నె తీసే చేతికే ఎక్కువ. మన దగ్గర ఆ స్థానంలో ఇటుకల కింద, కుండల కింద తేలు, జెర్రి ఉంటాయి కాబట్టి, చూడకుండా చేయి పెట్టకూడదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

అలాగని సాలెగూళ్ళను లోపల వదిలేయమని కాదు. పక్షులు గింజ ఒలుచుకుని ఊదేసిన పొట్టు, రాలిన ఈకల నూగు, రెట్టల దుమ్ము ఆ దారాలకు అంటుకుని నాలుగు వారాల్లో బరువైన తెరలా తయారవుతాయి. గాలి రావలసిన జాలీ కళ్ళు మూసుకుపోతాయి. ఆ తెర వెనక తేమ నిలుస్తుంది, ఇతర పురుగులు దాక్కుంటాయి. వారానికి ఒకసారి ఉదయం పూట, మేత గిన్నెలు బయటికి తీసేసి, మెత్తని బూజుకర్రను తిప్పుతూ గూటిని చుట్టచుట్టి తీయడం సరైన పద్ధతి. విదిలిస్తే ఆ దుమ్మంతా పక్షుల మీదే పడుతుంది. దూదిపింజలాగానో పెసరగింజంత ఉండలాగానో అంటుకుని ఉండే గుడ్ల సంచిని వదిలిపెడితే ఎంత దులిపినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే చాలా జాతుల్లో ఒక్క సంచిలోనే పదుల నుంచి వందల దాకా పిల్లలు ఉంటాయి. సంచులు ఎక్కువగా దొరికే చోటు మూల కాదు. పక్షిశాల చట్రానికి వాడే చదరపు ఇనుప గొట్టాల తెరిచి ఉన్న చివరలు, రేకుల బోల్టు రంధ్రాలు, తలుపు బందుల వెనక సందులు. వెల్డింగ్ చేసేవారు గొట్టం కోసి అతికించి వెళ్ళిపోతారు, చివరలు మూయరు. ఆ చివరలకు ప్లాస్టిక్ మూతలు బిగించడానికి అయ్యే ఖర్చు అతి స్వల్పం, అది చేసే మేలు ఏడాది పొడవునా దులపడం కన్నా ఎక్కువ.

ఆ గొట్టాల్లోనే అప్పుడప్పుడు మట్టితో గూడు కట్టే కందిరీగ కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు, ఆ గూళ్ళు పగలగొట్టి చూస్తే లోపల కదలలేని సాలీళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. కందిరీగ వాటిని కుట్టి, చచ్చుబడేలా చేసి, తన పిల్లకు ఆహారంగా దాచిపెడుతుంది. పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరిగితే అది కూడా తుమ్మెదే అవుతుందని చెప్పే భ్రమరకీటక న్యాయానికి వెనక ఉన్న దృశ్యం బహుశా ఇలాంటిదే. న్యాయం చెప్పినవారు గూడు పగలగొట్టి చూడలేదంతే.

గూడు ఎక్కడ, పురుగు ఎక్కడిది

దీపం చుట్టూ గూళ్ళు ఎక్కువగా ఉంటే కారణం వెలుతురు. పక్షులు రాత్రి బెదిరి కొట్టుకోకుండా చిన్న దీపం పెట్టడం చాలామందికి అలవాటు. తెల్లని, నీలి ఛాయగల కాంతికి పురుగులు ఎక్కువగా చేరతాయి. పసుపు ఛాయ గల మందమైన ఎల్‌ఈడీకి తక్కువ. దీపాన్ని పక్షిశాల లోపల కాకుండా రెండుమూడు మీటర్ల దూరంలో బయట పెడితే వెలుతురు లోపలికి వస్తుంది, పురుగులు బయటే ఉండిపోతాయి. తొలకరి వాన పడిన సాయంత్రం నేలలోంచి లేచే ఉసిళ్ళు ఒక్క రాత్రిలో దీపం కింద కుప్పలు పడతాయి, మరుసటి వారమంతా సాలీళ్ళకు, బల్లులకు, చీమలకు పండగే. జూన్‌లో అలాంటి రెండుమూడు సాయంత్రాలు దీపం పూర్తిగా ఆపేస్తే ఆ ఏడాది సాలెగూళ్ళ బెడదలో పెద్ద వంతు తగ్గిపోతుంది.

గూళ్ళు నేలకు దగ్గరగా, అడుగు పళ్ళెం చుట్టూ ఉంటే కారణం మేత. చిలుక జాతి పక్షి గింజను మింగదు, ఒలుచుకుని తింటుంది. కొర్రలు, సామలు పోసిన గిన్నె మీద పొట్టు పేరుకుంటుంది, సగం గింజలు కింద పడతాయి. వాటికి నీటి చుక్క తగిలితే బూజు, బూజుకు చిన్న ఈగలు, ఈగలకు సాలీడు. నానబెట్టిన గింజలు, ఉడికించిన గుడ్డు, పండ్ల ముక్కలు వేసవిలో రెండుమూడు గంటలకు మించి లోపల ఉంచకూడదు. అడుగున జాలీ, దాని కింద బయటికి లాగగలిగే పళ్ళెం ఉంటే రోజూ కాగితం మార్చడం ఐదు నిమిషాల పని. నేల మీద ఇసుకో మట్టో పరిచిన పక్షిశాలలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, తడిసిన మట్టిలో చేరిన రెట్టను, మేతను ఏరిపారేయడం ఎవరి వల్లా కాదు.

ఒక్కోసారి సాలెగూడు అనుకున్నది సాలెగూడే కాదు. గింజల డబ్బాలో సన్నని పట్టు దారాలు, ఉండలు కట్టిన కొర్రలు కనిపిస్తే అది నిల్వ ధాన్యాన్ని పట్టే చిన్న చిమ్మట పురుగు పని. దాని గొంగళి గింజలను దారాలతో చుట్టుకుని లోపల తింటుంది, రెక్కలొచ్చాక బూడిద రంగులో డబ్బా చుట్టూ ఎగురుతుంది, వాటి కోసం నిజమైన సాలీళ్ళు వస్తాయి. ఇక్కడ దులపవలసింది గోడను కాదు, మార్చవలసింది సంచిని. కొత్తగా తెచ్చిన గింజలను పలుచగా ఎండబోయడం, లేదా మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీయడం, ఆపైన బిగుతు మూత గల డబ్బాలో పోయడం చాలు. ధాన్యం నిల్వకు ఇళ్ళలో వాడే గోళీ మందుల జోలికి మాత్రం పోకూడదు. తేమ తగలగానే విషవాయువు విడిచే ఆ అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు మనుషులనే బలిగొన్నాయి.

మందు ఎందుకు వద్దు

పక్షి ఊపిరి మన ఊపిరి లాంటిది కాదు. మన ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళి అదే దారిన తిరిగి వస్తుంది, కాబట్టి కొంత పాత గాలి ఎప్పుడూ లోపలే మిగిలిపోతుంది. పక్షికి ఊపిరితిత్తులతోపాటు గాలి సంచులు ఉంటాయి. చాలా జాతుల్లో వాటి సంఖ్య తొమ్మిది. ఈ సంచులు కొలిమితిత్తుల్లా పనిచేస్తూ ఊపిరితిత్తుల గుండా గాలిని ఒకే దిశలో నడిపిస్తాయి. అందువల్ల పీల్చినప్పుడూ విడిచినప్పుడూ కూడా తాజా గాలి రక్తానికి తగులుతూనే ఉంటుంది. ఎగరడానికి కావలసినంత ఆక్సిజన్ అందించే ఈ ఏర్పాటే గాలిలోని విషాన్నీ అంతే సమర్థంగా లోపలికి చేరవేస్తుంది. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సూచన మీద బ్రిటన్ బొగ్గుగనుల్లోకి కెనరీ పక్షులను తీసుకెళ్ళడం మొదలైంది ఇందుకే. విషవాయువు మనిషికి తెలియకముందే పక్షి సొమ్మసిల్లేది. ఆ పద్ధతికి పూర్తిగా స్వస్తి చెప్పింది 1986లో.

మన ఇళ్ళలో ఈ కోణం నుంచి చూడవలసిన వస్తువులు చాలానే ఉన్నాయి. పొలం ఉన్న ఇంట్లో మూల గదిలో మిగిలిపోయిన మందు డబ్బా ఒకటైనా ఉంటుంది. పత్తి చేలలో దశాబ్దాలుగా వాడిన మోనోక్రోటోఫాస్, ఇళ్ళకు చెదల మందుగా కొట్టించే క్లోర్‌పైరిఫాస్, 2020 చివరి నుంచి దేశంలో నిషేధంలో ఉన్నా ఇంకా పాత అలవాటుగా జనం అడిగే డైక్లోర్‌వాస్, ఇవన్నీ ఒకే కుదురుకు చెందిన ఆర్గానోఫాస్ఫేట్లు. నరాల సంకేతాలను ఆపవలసిన ఎంజైమును ఇవి పనిచేయనివ్వవు; కండరాలు బిగుసుకుని, ఊపిరి ఆగి ప్రాణి చనిపోతుంది. పక్షుల్లో ఈ ప్రభావం మరీ తీవ్రం. 1990ల నడుమ అర్జెంటీనా పొలాల్లో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొట్టినప్పుడు, ఆ మిడతలను తినే స్వైన్సన్ డేగలు వేల సంఖ్యలో రాలిపోయాయి. పక్షిశాల గుంజలకు చెద పట్టిందని పునాది చుట్టూ క్లోర్‌పైరిఫాస్ పోయించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చెద భయం ఉన్నచోట కర్ర మానేసి ఇనుము వాడటమే తెలివైన పని.

ఇంట్లో వాడే డబ్బా స్ప్రేలు, చీమల సుద్దముక్కలు సాధారణంగా పైరెథ్రాయిడ్ వర్గానికి చెందినవి. ఇవి ఆర్గానోఫాస్ఫేట్లతో పోలిస్తే పక్షులకు తక్కువ విషపూరితమన్న మాట నిజమే గానీ, ఆ మాటను పట్టుకుని లోపల కొట్టేయడం తప్పు. స్ప్రేలో మందుతోపాటు కిరోసిన్ లాంటి ద్రావకాలు, తోసే వాయువులు ఉంటాయి. సుద్దగీత మీద నడిచిన చిలుక కాళ్ళను ముక్కుతో శుభ్రం చేసుకుంటుంది. దోమల చుట్ట సంగతి మరీ వింత. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. దానిని పక్షులకు దోమలు కుడుతున్నాయన్న జాలితో పక్షిశాల కింద వెలిగించేవారు ఉన్నారు.

సహజమైనది కనుక మంచిదన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. కోళ్ళ గూళ్ళలో, పశువుల కొట్టాల్లో వేపాకు పొగ వేయడం మన పల్లెల్లో పాత అలవాటు. పొగ పొగే, అది వేపాకుదైనా సాంబ్రాణిదైనా గాలి సంచులకు తేడా తెలియదు. పుదీనా నూనె వాసనకు సాలీళ్ళు పారిపోతాయన్న చిట్కా ప్రపంచమంతటా తిరుగుతోంది. 2018లో వెలువడిన ఒక ప్రయోగంలో కొన్ని జాతుల సాలీళ్ళు పుదీనా నూనె రాసిన చోటును తప్పించుకున్నమాట వాస్తవం, అదే ప్రయోగంలో నిమ్మ నూనెకు ఏ ప్రభావమూ కనిపించలేదు. కానీ సాలీడును పారదోలేంత ఘాటు గాలిలో నిలవాలంటే పక్షి పీల్చే గాలిలోనే నిలవాలి. ఎండిన వేపాకు రెమ్మలను బయట కట్టుకుంటే హాని లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు. నేల కడగడానికి వేడినీళ్ళు, కొద్దిగా సబ్బు, ఆపైన ఎండ సరిపోతాయి.

సాలీడు కన్నా ముందు చూడవలసినవి

పక్షిశాల యజమాని ఆందోళనలను ప్రమాదం వరసలో పెడితే సాలీడు అడుగున ఉంటుంది. పైన ఉండేవి కంటికి అంత తొందరగా కనబడవు. వాటిలో మొదటిది ఎర్రపేను. కోళ్ళు పెంచేవారు కోడిపేలు అని కలగలిపి పిలిచే వాటిలో ఇదొకటి. మిల్లీమీటరు కూడా లేని ఈ పురుగు పగలంతా కొమ్మల చివరలు కలిసే చోట, గూటి కుండ అంచు కింద, గొట్టాల లోపల దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి తిరిగి వెళ్ళిపోతుంది. పగలు పక్షిని పట్టుకుని చూస్తే ఏమీ దొరకదు. పక్షులు రాత్రుళ్ళు కుదురుగా ఉండవు, పగలు నీరసంగా కునుకుతాయి, గూట్లో పిల్లలు కారణం తెలియకుండా పాలిపోయి చనిపోతాయి. రక్తం తక్కువగా ఉండే పిల్లలే మొదట బలవుతాయి. అనుమానం వస్తే రాత్రి కొమ్మ కింద తెల్లని గుడ్డ పరచి, రెండుమూడు గంటల తరువాత టార్చి వేసి చూడాలి. కదిలే ఎర్రని చుక్కలు కనిపిస్తే సందేహం తీరినట్టే. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం పది రోజులు చాలు. చల్లని చోట ఆహారం లేకుండా నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి పక్షులను కొన్నాళ్ళు వేరేచోట ఉంచినంత మాత్రాన ఖాళీ పక్షిశాల శుభ్రపడదు.

ఈ పురుగు మీద యుద్ధంలో మన వాతావరణం ఇచ్చే వరం వేడి. నలభై అయిదు డిగ్రీలు దాటిన వేడిని ఇది తట్టుకోలేదు. మే నెల మిట్టమధ్యాహ్నం మేడ మీద పరచిన మట్టికుండ, ఇనుప పళ్ళెం అంతకన్నా ఎక్కువే వేడెక్కుతాయి. బడ్జరిగార్లకు గూళ్ళుగా ప్లైవుడ్ పెట్టెలకు బదులు మన కుమ్మరులు చేసే పక్కకు రంధ్రం ఉన్న కుండలే మేలని చెప్పడానికి అదే కారణం. కుండకు అతుకులు ఉండవు, మరిగే నీళ్ళు పోయవచ్చు, రోజంతా ఎండబెట్టవచ్చు. ప్లైవుడ్ పొరల నడుమ దాక్కున్న పురుగుకు ఏ వేడీ అందదు. ఇనుప చట్రం విడి భాగాలను బయటికి తీసి వెల్డింగ్ మంటతో కాల్చడం కూడా పనిచేస్తుంది. ఇటుక గోడలకు ఏటా సున్నం కొట్టడం పాతకాలపు కోళ్ళ గూళ్ళలో ఉన్న అలవాటే. సందులు పూడుకుపోయి పురుగుకు చోటు ఉండదు, అయితే తడి సున్నం ఘాటైనది కనుక పూర్తిగా ఆరేదాకా పక్షులను లోపలికి వదలకూడదు. పక్షుల ఒంటి మీద మందు చల్లే అవసరం వస్తే అది పశువైద్యుడు నిర్ణయించవలసిన సంగతి. బడ్జరిగార్ ముక్కు చుట్టూ తేనెపట్టులా పొక్కులు కట్టే మరో సూక్ష్మ పురుగుకు ఐవర్‌మెక్టిన్ చుక్క వాడతారు, కానీ ముప్పై గ్రాముల పక్షికి పశువుల మోతాదు సీసాలోంచి ఉరామరిగా తీసి వేసే సాహసం చేయరాదు.

చీమలు రెండవవి. పెద్ద పక్షిని ఏమీ చేయలేని ఎర్రచీమలు గుడ్డు పగిలిన వాసనకు దండుగా వచ్చి అప్పుడే పుట్టిన పిల్లలను ప్రాణాలతో ఉండగానే తినేస్తాయి. దీనికి మన వంటింట్లోనే జవాబు ఉంది. జాలీ బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే పద్ధతి తెలియని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. కాళ్ళ మీద నిలబడే పక్షిశాలకు అదే ఏర్పాటు చేయవచ్చు. రెండు విషయాలు మాత్రం చూసుకోవాలి. నీటి మీద దుమ్ము తెట్టు కడితే చీమలు దాని మీదుగా నడిచిపోతాయి, కనుక ఒకటి రెండు చుక్కల సబ్బు కలపాలి. ఆ నీటిని వారానికి రెండుసార్లు మార్చాలి, లేదంటే చీమలకు కట్టిన కందకం దోమల చెరువవుతుంది. మన వేడికి దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి వారం పది రోజులు చాలు. గోడకు ఆనిన కొమ్మ, వేలాడే తీగ ఒక్కటి ఉన్నా గిన్నెలన్నీ దండగే.

దోమల గురించి ఒక్క మాట. కోళ్ళకు వచ్చే మశూచి లాంటి జబ్బును పావురాలకు, కెనరీలకు, ఫించ్‌లకు మోసుకొచ్చేవాటిలో దోమ ముఖ్యమైనది. కళ్ళచుట్టూ, ముక్కు మొదట్లో, కాళ్ళ మీద కురుపులు దాని గుర్తులు. మరి దోమలను పట్టే సాలీడును తరిమి దోమతెర కొనడం ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. సాలీళ్ళు దోమలను తినే మాట నిజమైనా తినే లెక్క పుట్టే లెక్కకు సరిపోదు. సన్నకంటి దోమతెరను పక్షిశాల చుట్టూ శాశ్వతంగా బిగిస్తే గాలి ఆగిపోతుంది. కోస్తా జిల్లాల మే నెల ఉక్కలో దోమ కన్నా ముందు వడదెబ్బ పక్షిని చంపుతుంది. పొద్దుగూకగానే దించి తెల్లవారగానే చుట్టేసే తెర ఒక్కటే ఇక్కడ నడుస్తుంది.

చివరిగా ఎలుక, దాని వెనక పాము. ఈ రెండింటినీ విడదీసి చూడటం పొరపాటు. రాలిన గింజలకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం జెర్రిపోతో నాగుపామో వస్తుంది, వచ్చాక గుడ్లు, పిల్లలు కనిపిస్తాయి. జాలీ కంటిలోంచి సన్నగా దూరిన పాము ఒక పక్షిని మింగాక పొట్ట పట్టక లోపలే చిక్కుకుని తెల్లవారి కనిపించడం పక్షులు పెంచేవారికి కొత్త అనుభవం కాదు. శ్రీకాళహస్తి కథలో సాలీడూ పామూ ఒకే దేవుణ్ణి కొలిచాయి. ఇక్కడ వాటిని ఒకే చోటికి రప్పించేది కింద పడిన కొర్రగింజ. అలా చిక్కిన పామును కొట్టి చంపడం చట్టం ఒప్పుకోదు, అవసరమూ లేదు. అటవీశాఖకో పాములు పట్టే సంస్థకో కబురు పెడితే వచ్చి తీసుకెళతారు.

కట్టేటప్పుడే చేయవలసిన పని జాలీ ఎంపిక. అంగుళం కన్నుల జాలీ చవక, పిల్లిని, కాకిని ఆపుతుంది, అంతే. అర అంగుళం వెల్డ్ మెష్ పెద్ద ఎలుకను ఆపుతుంది గానీ, ఆరు మిల్లీమీటర్ల సందు దొరికితే దూరిపోయే చిట్టెలుకను, సన్నని పామును ఆపదు. అందుకని నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు, తలుపు చుట్టూ పావు అంగుళం జాలీ అదనంగా వేయడం ఖర్చుకూ రక్షణకూ మధ్య నడిచే దారి. నేల సిమెంటుది కాకపోతే జాలీని అడుగున్నర లోతుకు పాతాలి, లేదా బయటివైపు అడుగు వెడల్పున నేలమీద పడుకోబెట్టి రాళ్ళు పరచాలి. తవ్వుకుంటూ వచ్చే ఎలుకకు గోడ మొదట్లోనే తవ్వే అలవాటు కనుక ఆ అడ్డు దానికి చాలు. కొత్త జింకు పూత జాలీని వెనిగర్‌తో రుద్ది కడగకుండా చిలుకలను వదిలితే, కొరికి పూత మింగి జింకు విషానికి లోనవుతాయి. ఎలుకల మందు ఎక్కడ పెట్టినా అది గింజల రూపంలో పక్షి గిన్నె దాకా ప్రయాణించే అవకాశం ఉంది, మందు తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది. బోనే మంచిది. జిగురు అట్ట పెడితే ఎలుక కన్నా ముందు పిచ్చుకో బల్లో అంటుకుంటుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా కొన్ని సాలెగూళ్ళు మిగులుతాయి, ముఖ్యంగా జాలీకి బయటివైపు, చూరు కింద, పక్కనున్న మందార కొమ్మల్లో. లోపలి గూళ్ళకున్న చెడు వీటికి లేదు, కనుక వాటిని అలాగే ఉంచవచ్చు. దులిపే ముందు ఒకసారి పరిశీలనగా చూడటం కూడా అవసరం. ఎండుటాకులు, నూగు, చెత్త కలిపి సాలెదారంతో కుట్టినట్టుండి తీగకు వేలాడే సంచి బూజు కాకపోవచ్చు. తేనెపిట్టలు తమ గూటిని అల్లేది పక్కనున్న సాలెగూళ్ళలోంచి తెచ్చుకున్న దారాలతోనే, మనుషులు తిరిగే చూరు కిందనే.